కొరియన్ సామెతలు, నుడికారాలు: ముందు సందర్భం పట్టుకోండి, అర్థం అదే వస్తుంది

మీరు అడిగింది ఇదీ: టోపిక్ (కొరియన్ భాషా సామర్థ్య పరీక్ష) రెండో దశకు చదువుతున్నారు. ఎక్కడో దొరికిన వంద కొరియన్ సామెతల్ని ఇంగ్లీషు అర్థాలతో సహా బట్టీ పట్టారు. అయినా డ్రామాలో ఎవరైనా సామెత వాడితే సగమే తెలుస్తోంది. మీరు వాడబోతే కొరియన్ స్నేహితులు ఒక్క క్షణం ఆగి మీ వంక చూస్తున్నారు. తప్పెక్కడ జరుగుతోంది, ఏవి ముందు నేర్చుకోవాలి?

మీ జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదు. మీరు అర్థం నేర్చుకున్నారు, సందర్భం నేర్చుకోలేదు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఏ గొంతుతో అంటారో జాబితాలో ఉండదు. ఇంగ్లీషు మీదుగా వెళ్తే అది ఇంకా దూరమవుతుంది. తెలుగువాళ్ళకు దగ్గరి దారి ఒకటుంది. వరి పండించి, పశువుల్ని కట్టేసుకుని, ఇరుగుపొరుగు మాటలకు భయపడుతూ బతికిన పల్లెటూరు కొరియన్లకూ ఉంది, మనకూ ఉంది. అందుకే చాలా కొరియన్ సామెతలకు సరిపడే తెలుగు సామెత మన నోట్లో ఇప్పటికే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుంటే సందర్భం చప్పున తెలిసిపోతుంది. ఆ తర్వాత రెండూ ఎక్కడ విడిపోతాయో చూడాలి. అసలు చదువంతా ఆ విడిపోయే చోటే ఉంది.

నేను అనంతపురం, పెనుకొండ వైపు కొరియన్ కంపెనీల్లో దుబాసీ పని చేస్తాను. 2019లో అక్కడ కియా కార్ల తయారీ మొదలైన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల కొరియన్ మాట బాగా వినిపిస్తోంది. రోజంతా రెండు భాషల మధ్య నిలబడి పని చేస్తే సామెతలు ఎక్కడ అతుకుతాయో, ఎక్కడ జారిపోతాయో బాగా తెలుస్తుంది. ఉచ్చారణను తెలుగులో వీలైనంత దగ్గరగా రాస్తున్నాను, హంగుల్ (కొరియన్ లిపి)లో ఒకసారి సరిచూసుకోండి.

కొరియన్‌లో ఇవి మూడు రకాలు. పూర్తి వాక్యంలా ఉండేది సొక్తమ్, అంటే సామెత. రెండు మూడు మాటల నుడికారం క్వాన్యొంగొ. చైనా అక్షరాల నుంచి వచ్చిన నాలుగక్షరాల సమాసం సాజా సొంగొ. మూడోదాన్ని పత్రికలవాళ్ళు, బాగా చదువుకున్నవాళ్ళు ఎక్కువ వాడతారు, మనం మాటల మధ్యలో సంస్కృత న్యాయాలు వాడినట్టు. మీ స్థాయికి ముందు కావలసింది రెండో రకం. రోజువారీ మాటల్లో వినిపించేదీ అదే, పరీక్షలో ఖాళీ పూరించమని ఇచ్చేదీ ఎక్కువగా అదే.

తేలికగా అతికేవి ముందు చెప్పేస్తాను. 'పోయే మాట బాగుంటేనే వచ్చే మాట బాగుంటుంది' (కానున్ మారి కోవాయా ఓనున్ మారి కోప్తా) అంటే నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. 'పరిగెత్తేవాడి పైన ఎగిరేవాడుంటాడు' అంటే తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. 'అవతలివాడి తొక్ (బియ్యప్పిండి ముద్ద) పెద్దగా కనిపిస్తుంది' అన్నది మన పొరుగింటి పుల్లకూర. 'పెంట అంటిన కుక్క తవుడు అంటిన కుక్కను తప్పుపట్టింది' అన్నది గురివింద గింజ. 'జబ్బూ తనే ఇచ్చి, మందూ తనే ఇస్తాడు' అన్నది తొడపాశం పెట్టి జోల పాడడం. 'ఒకసారి కాలేయానికి, ఒకసారి పిత్తాశయానికి అతుక్కుంటాడు' అంటే గోడ మీద పిల్లి. 'తొక్కితే వానపామైనా మెలికలు తిరుగుతుంది' అన్నచోట మనం పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందంటాం. దీపం కింద చీకటి, నూతిలో కప్ప, పిల్లి మెడలో గంట, నిప్పు లేనిదే పొగ రాదు, ఇవి దాదాపు మాటకు మాట ఉన్నాయి. కాకపోతే కొరియన్ పొగ ఇంటి పొగగొట్టంలోంచి వస్తుంది. పాత కొరియా ఇళ్ళలో వంటపొయ్యి మంట నేల కింది గాడుల్లోంచి పోయి గదుల్ని వేడిచేసి వెనకనున్న పొగగొట్టంలోంచి బయటపడేది. ఆ ఏర్పాటు పేరు ఓందోల్. పొగ వస్తోందంటే ఆ ఇంట్లో పొయ్యి రాజుకున్నట్టే, ఊరంతా చూసేది.

నాకు చాలా ఇష్టమైన జత ఒకటుంది. 'ఖాళీ బండికి చప్పుడెక్కువ' అనేది ఒక కొరియన్ సామెత. 'వరి పండేకొద్దీ తల వంచుతుంది' అనేది ఇంకొకటి. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది, అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది అని మనం ఒక్క సామెతలో చెప్పిన రెండు సగాల్ని వాళ్ళు విడివిడిగా దాచుకున్నారు. మొదటిది ఒకరిని తప్పుపట్టడానికి, రెండోది పదోన్నతి వచ్చినవాడికి పెద్దలు బుద్ధి చెప్పడానికి వాడతారు.

ఇప్పుడు ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. 'తొక్ ఇచ్చేవాడికి ఆ ఆలోచనే లేదు, వీడు అప్పుడే కిమ్చి నీళ్ళు తాగుతున్నాడు.' తొక్ అంటే బియ్యాన్నో బియ్యప్పిండినో ఆవిరి మీద ఉడికించి, దంచి చేసే ముద్ద. బంకగా ఉండి గొంతులో పట్టేస్తుంది. అది దిగడానికి ముల్లంగి కిమ్చి (ఊరబెట్టిన కూరగాయల పచ్చడి)లోని చల్లటి, పుల్లటి నీళ్ళు పక్కన పెట్టుకుంటారు. పక్కింట్లో తొక్ చేస్తున్నారని తెలియగానే మనకూ ఓ పళ్ళెం వస్తుందనుకుని, ముందే ఆ నీళ్ళు తాగి సిద్ధంగా కూర్చున్న మనిషిని ఊహించుకోండి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సంగతి అచ్చంగా ఒకటే.

వాడుకలో మాత్రం తేడా ఉంది. కొరియన్లు ఆ వాక్యం మొత్తం అనరు. 'కిమ్చిక్కుక్ మషిజి మా', అంటే 'కిమ్చి నీళ్ళు తాగకు' అంటారు, అంతే. ఇంటర్వ్యూ బాగా జరిగిందని, ఇంకా చేతికి రాని జీతంతో కొత్త ఫోన్‌కు లెక్కలేస్తున్న తమ్ముడితో అక్క అనే మాట అది. ఒకమ్మాయి నవ్వి పలకరించిందని కలలు కంటున్న కుర్రాడితో స్నేహితులు అనే మాట. తన గురించి తనే 'నేనే తొందరపడి కిమ్చి నీళ్ళు తాగేశాను' అని కాస్త సిగ్గుతో చెప్పుకోవడం ఇంకా మామూలు. ఇంగ్లీషు జాబితాలో దీని పక్కన పొదగని కోడిపిల్లల లెక్క ఉంటుంది. అందులో హెచ్చరిక ఉంది గానీ ఈ చనువు, ఈ సిగ్గు లేవు. పైపెచ్చు ఇది చనువున్నవాళ్ళ మధ్య నడిచే మాట. పై అధికారితో ఎవరూ అనరు.

తొక్ మీద ఇంకా చాలా ఉన్నాయి. 'పడుకుని తొక్ తినడం' అంటే నల్లేరు మీద బండి నడక. 'బొమ్మలో తొక్' అంటే కళ్ళకు కనిపిస్తుంది గానీ చేతికి దక్కదు, సియోల్‌లో ఇల్లు కొనడం గురించి కుర్రాళ్ళు తరచూ అనేది. 'గిట్టనివాడికి ఇంకో తొక్ ఎక్కువ పెట్టు' అన్నది మాత్రం తీరిగ్గా ఆలోచించాల్సిన సామెత. అది క్షమించమని చెప్పడం లేదు. రోజూ కలిసి బతకాల్సిన చోట పగ పెంచుకోకుండా బయటపడే ఉపాయం చెబుతోంది. ఒకే ఊళ్ళో తరతరాలుగా ఉన్నవాళ్ళకే తట్టే మాట.

ఇక జారిపోయేవి. మీ స్నేహితులు ఆగి చూడడానికి కారణం ఇక్కడే ఉంటుందని నా నమ్మకం.

'కాకి ఎగరగానే బేరిపండు రాలింది.' నాలుగక్షరాల్లో ఓబీరాక్. ఇది చూడగానే తెలుగువాడికి కాకతాళీయం గుర్తొస్తుంది. అక్కడా కాకే, మనకు బేరిపండు బదులు తాటిపండు. కానీ తొందరపడొద్దు. కాకతాళీయం అంటే రెండు సంగతులు ఊరికే కలిసొచ్చాయని, అక్కడితో సరి. కొరియన్ కాకి మీద మాత్రం నింద పడింది. పండు రాలడానికి అదే కారణమని చూసినవాళ్ళు అనుకున్నారు. నేను గదిలోంచి బయటికి రాగానే లోపల మెషీన్ ఆగిపోయింది, అందరూ నా వైపే చూశారు. అప్పుడు అనాల్సిన మాట ఓబీరాక్. బస్సులో పాత క్లాస్‌మేట్ అనుకోకుండా కలిస్తే మనం కాకతాళీయంగా అంటాం. అక్కడ ఓబీరాక్ అంటే ఏం తప్పు చేశావని అడుగుతారు, 'ఉయొన్హి' (అనుకోకుండా) అంటే చాలు. తెలుగులో దీన్ని పట్టుకోవాలంటే కాకతాళీయంలో కొంత, తాటిచెట్టు కింద పాలు తాగడంలో కొంత కలపాలి. ఆ తాటిచెట్టు సామెతకు సరిజోడు కూడా వాళ్ళకు వేరే ఉంది: 'దోసతోటలో చెప్పులు సర్దుకోకు, ఆల్‌బుఖరా చెట్టు కింద టోపీ సర్దుకోకు.' వంగితే దోసకాయ కోశాడంటారు, చెయ్యెత్తితే పండు కోశాడంటారు.

'పులి కూడా తన మాటెత్తితే వస్తుంది.' ఎవరి గురించి అనుకుంటున్నామో ఆ మనిషే తలుపు తీసుకుని లోపలికి వస్తే అనేది. మనమైతే 'నీకు నూరేళ్ళు' అంటాం, దీవెన అది. కొరియన్ మాటలో దీవెన లేదు. ఇప్పటిదాకా వెనక మాట్లాడుకున్నామన్న ఒప్పుకోలు ఉంది. ఇదే సందర్భంలో ఇంకో మాట కూడా అంటారు: 'నువ్వు యాంగ్‌బాన్ కాలేవులే.' యాంగ్‌బాన్ అంటే కొరియాను ఏలిన జోసొన్ రాజుల కాలపు దొరలు. మాటెత్తగానే ఊడిపడ్డావు, దొరతనం నీకు రాదు అని ఆటపట్టించడం. ఒకే సంఘటనకు మనం నూరేళ్ళ ఆయుష్షు ఇస్తే వాళ్ళు దొరతనం లాగేసుకుంటారు. మీ స్నేహితుడితో రెండూ అనొచ్చు. మీ ప్రొఫెసర్ లోపలికి వచ్చినప్పుడు ఒక్కటీ అనకండి.

'పడవ నడిపేవాళ్ళు ఎక్కువైతే పడవ కొండెక్కుతుంది' అన్నదానికి చాలామంది తెలుగువాళ్ళు మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని రాసుకుంటారు. అది సరిపోదు. మజ్జిగ సామెత పంపకం గురించి, తలా కొంచెమే వస్తుందని. పడవ సామెత పెత్తనం గురించి. మీటింగులో ఐదుగురు ఐదు రకాలుగా చెబుతుంటే అనేది అది. దానికి జత లేదనే రాసుకోండి, తప్పేం లేదు.

శరీరం మీద అల్లిన నుడికారాల్లో ఈ జారుడు ఇంకా ఎక్కువ. 'కళ్ళు ఎత్తులో ఉన్నాయి' (నూని నోప్తా) అంటే ఒక పట్టాన నచ్చదు, ఎంపిక గట్టిది అని అర్థం. పెళ్ళి సంబంధాల దగ్గర ఎక్కువ వినిపిస్తుంది. మన 'కళ్ళు నెత్తికెక్కాయి' దీనికి అస్సలు సరిపోదు. పొగరు కావాలంటే వాళ్ళు ముక్కు దూలం ఎత్తుగా ఉందంటారు. 'చేతులు కడుక్కున్నాడు' అంటే మనకు బాధ్యత వదిలించుకున్నాడని. కొరియన్‌లో జూదమో దొంగతనమో మానేసి దారిలోకి వచ్చాడని. 'చెయ్యి పెద్దది' అంటే పదిమందికి వండమంటే ఇరవైమందికి వండే ధారాళం. 'పాదం వెడల్పు' అంటే ఊరంతా తెలిసినవాడు. 'నోరు తేలిక' అంటే నోట్లో నువ్వుగింజ నానదు. 'చెవులు పల్చన' అంటే ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. 'మెడ ఊడిపోయేలా ఎదురుచూడడం' అంటే కళ్ళు కాయలు కాచేలా.

మనం గుండెకు ఇచ్చిన పని వాళ్ళు కాలేయానికి ఇచ్చారు. కాలేయం పెద్దదంటే గుండె ధైర్యం ఉన్నవాడు. కాలేయం వాచిందంటే ఒళ్ళు తెలియకుండా తెగిస్తున్నాడు. కాలేయం చిక్కుడుగింజంత అయిందంటే గుండె జారిపోయింది. మొదటిది మెచ్చుకోలు, రెండోది మందలింపు, మూడోది తన గురించి చెప్పుకునేది. ఈ మూడింటినీ కలిపి నేర్చుకుంటే మరిచిపోరు.

కొన్ని నుడికారాల వెనక చరిత్ర ఉంది. అవి తెలియకపోతే మాట పట్టుబడదు. 'హామ్‌హుంగ్ చాసా' తీసుకోండి. చాసా అంటే రాజు పంపిన దూత. 1392లో జోసొన్ రాజ్యాన్ని స్థాపించిన యి సొంగ్‌గే (చరిత్రలో తేజో) కొడుకులు సింహాసనం కోసం ఒకరినొకరు చంపుకున్నారు. 1398లో అతని చిన్న కొడుకులిద్దర్ని అన్న యి బాంగ్‌వొన్ చంపించాడు. తండ్రి విరక్తితో గద్దె దిగిపోయాడు. 1400లో ఆ బాంగ్‌వొనే రాజయ్యాడు (చరిత్రలో అతని పేరు తేజోంగ్). కొడుకు ముఖం చూడడం ఇష్టంలేని తండ్రి ఉత్తరాన తన సొంత గడ్డ హామ్‌హుంగ్ వెళ్ళి కూర్చున్నాడు. తిరిగి రమ్మని కొడుకు దూతల్ని పంపేవాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే. ముసలిరాజు వాళ్ళని బాణాలతో కొట్టి చంపేవాడని జనం చెప్పుకునే కథ. చివరికి తండ్రి రాజధానికి తిరిగొచ్చాడు గానీ, మాట మాత్రం ఈనాటికీ మిగిలిపోయింది. ఇప్పుడు బీరు తెమ్మని కింద దుకాణానికి పంపిన తమ్ముడు గంటైనా రాకపోతే హామ్‌హుంగ్ చాసా. ఈమెయిల్‌కు జవాబు రాకపోయినా అదే. మేం పనిచేసే చోట విడిభాగాలు పంపుతామన్న సప్లయర్ చప్పుడు చేయకుండా ఊరుకుంటే మొదట వినిపించే మాట ఇదే. ఒక కొడుకు చేసిన పనికి తండ్రి కోపం ఈ మాటలో దాగి ఉందని తెలిశాక నేను దీన్ని ఎప్పుడూ తేలిగ్గా అనువదించలేకపోయాను. కానీ వాడుకలో ఆ బరువు లేదు, నవ్వుతూనే అంటారు.

'షిచిమి తీసేయడం' డేగలవేట నుంచి వచ్చింది. జోసొన్‌కు ముందున్న కొర్యో రాజుల కాలంలో, మంగోలుల పెత్తనం కింద ఈ వేట కొరియాలో బాగా పెరిగింది. పెంపుడు డేగ ఎవరిదో తెలియడానికి కొమ్మును పల్చగా చెక్కి, యజమాని పేరు రాసి తోక ఈకకు కట్టేవారు. ఆ బిళ్ళ పేరు షిచిమి. దారితప్పి వచ్చిన డేగను పట్టుకున్నవాడు బిళ్ళ తీసేసి నాదేనన్నట్టు ఉండిపోతే, అదీ షిచిమి తీసేయడం. అంటే చేసిందంతా చేసి ఏమీ ఎరగనట్టు కూర్చోవడం.

'తిమింగలాల కొట్లాటలో రొయ్య వీపు పగిలింది' అన్నది మన ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరగడమే. అయితే కొరియన్ పత్రికలు ఈ రొయ్యను తమ దేశం గురించి రాసుకుంటాయి. 1894లో చైనా, జపాన్ కొట్టుకున్నది కొరియా నేల మీద. 1904లో రష్యా, జపాన్ కొట్టుకున్నదీ కొరియాలో పెత్తనం కోసమే. 1910లో దేశమే జపాన్ చేతిలోకి పోయింది. ఆఫీసులో ఇద్దరు మేనేజర్ల మధ్య నలిగే ఉద్యోగి సరదాగా ఈ మాట అనొచ్చు, కానీ పెద్దవాళ్ళు దేశం గురించి అన్నప్పుడు మీరు నవ్వకండి.

చరిత్రలోంచే చిన్నది ఇంకోటి. మన 'అనగనగా ఒకప్పుడు'కు వాళ్ళ మాట 'పులి చుట్ట తాగే రోజుల్లో'. కొరియాకు పొగాకు వచ్చింది 17వ శతాబ్దం మొదట్లో. ఆ పులి అంత పాతదేం కాదన్నమాట.

తిండి, పండగ దగ్గర మాత్రం మన రెండు భాషలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఒకసారి భోజనాల వేళ ఒక పెద్దాయన మా కుర్ర ఇంజనీరును 'కుక్సు ఎప్పుడు పెడతావు?' అని అడిగారు. కుక్సు అంటే నూడుల్స్. ఆ అబ్బాయికి కొరియన్ మాటలు తెలుసు. రేపు క్యాంటీన్‌లో చెప్పిస్తానండీ అన్నాడు. ఆయన అడిగింది అది కాదు, 'పప్పన్నం ఎప్పుడు పెడతావోయ్?' అని. పెళ్ళెప్పుడని. గోధుమపిండి అరుదుగా దొరికిన రోజుల్లో కొరియాలో నూడుల్స్ పెళ్ళి భోజనం. పొడుగ్గా ఉంటాయి కాబట్టి కాపురం, ఆయుష్షు అంత పొడుగ్గా సాగాలని. పప్పన్నం అనగానే ఆ అబ్బాయి ముఖం ఎర్రబడింది, పెద్దాయనకూ జవాబు దొరికింది. ఇంగ్లీషులో చెప్పి ఉంటే వివరణ అయ్యేది, తెలుగులో ఒక్క మాటలో పని జరిగింది.

'మియొక్కుక్ తిన్నాడు' అంటే పరీక్ష తప్పాడు. మియొక్కుక్ సముద్రపు నాచు పులుసు. పుట్టినరోజున, కాన్పయిన తల్లికి తప్పక పెట్టే మంచి వంటకం. కానీ నాచు జారుతుంది కాబట్టి పరీక్ష రోజున పనికిరాదు. ఆ రోజు పిల్లలకు అంటుకునే మిఠాయి, బంక తొక్ ఇస్తారు, కోరుకున్న కాలేజీకి అతుక్కోవాలని. నవంబర్‌లో జరిగే సునుంగ్ అనే కాలేజీ ప్రవేశపరీక్షలో ఇంగ్లీషు వినే భాగం సమయానికి దేశమంతా విమానాల రాకపోకలు ఆపేస్తారు. అలాంటి చోట ఒక పులుసు పేరుకు ఇంత భయం ఉండడంలో వింతేముంది? పుట్టినరోజు నాడు 'మియొక్కుక్ తిన్నావా' అని అడిగితే ప్రేమ. ఫలితాలు వచ్చిన రోజున అదే మాట పుండు మీద కారం.

ఇంకొన్ని అలాంటివే: 'విమానం ఎక్కించడం' అంటే మునగచెట్టు ఎక్కించడం. 'ఉల్లికాడల కిమ్చి అయిపోయాను' అంటే తోటకూర కాడలా వాడిపోయాను. 'సొరబుర్ర తొడిగాడు' అంటే ఎక్కువ ధర గుంజి టోపీ పెట్టాడు. 'మూడు రోజుల పట్టుదల' (చాక్షిమ్ సామిల్) అంటే ఆరంభశూరత్వం, జనవరి నాలుగో తేదీన ఎక్కువగా వినిపిస్తుంది.

ఇప్పుడు వాడడం సంగతి. మీరు సామెతను నిఘంటువులో ఉన్నట్టు పూర్తి వాక్యంగా, చివర 'తా'తో ముగించి అంటున్నారనుకుంటాను. అది పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. కొరియన్లు చివరను మార్చి అంటారు. పోగొట్టుకున్న కళ్ళద్దాలు సొంత టేబుల్ మీదే దొరికితే 'తుంగ్‌జాన్ మిచి ఒదుప్తదొని...' అని వాక్యాన్ని అక్కడే వదిలేస్తారు. ఆ 'దొని'లో ఉన్నది మన 'దీపం కింద చీకటని ఊరికే అన్నారా' అన్న భావం. పెద్దలతో అయితే చివర 'అని ఒక మాట ఉంది కదండీ' అని చేర్చాలి, 'రానున్ మారి ఇత్‌జానాయో' అని. ఈ రెండు చివర్లు నేర్చుకుంటే మీకు వచ్చిన సామెతల్లో సగం ఇవాళే పనికొస్తాయి.

సామెత ఎక్కువగా పెద్దవాళ్ళ నోటి నుంచి చిన్నవాళ్ళకు వస్తుంది, మన ఇళ్ళలోలాగే. చిన్నవాళ్ళు వాడాలంటే తమను తాము తగ్గించుకునేవి ఎంచుకోవాలి. మీ కొరియన్ బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే 'బడి దగ్గరి కుక్క మూడేళ్ళకు పద్యం చదువుతుందంటారు కదండీ' అనండి. అందరూ సంతోషిస్తారు. అదే కుక్క మాట ఎదుటివాడి గురించి అంటే మాత్రం అవమానం. 'కప్పకు తోకకప్ప రోజులు గుర్తుండవు', 'ఆవు చెవిలో మంత్రం చదవడం' పైవాళ్ళ ముందు అనకండి. 'మురికికాలవలోంచి డ్రాగన్ పుట్టింది' అన్నది మెచ్చుకోలే. కానీ పేదింటి నుంచి పైకొచ్చినవాడి తల్లిదండ్రుల ముందు అంటే వాళ్ళ ఇంటిని కాలవ అన్నట్టే.

'ఆడకోడి కూస్తే ఇల్లు నాశనం' లాంటివి అర్థం తెలుసుకోవడానికే నేర్చుకోండి, నోటికి రానివ్వకండి. మూగవాళ్ళ మీద, చూపులేనివాళ్ళ మీద ఉన్న పాత సామెతలూ అంతే. తెలుగులో మనం వదిలేయాల్సినవి ఎన్ని ఉన్నాయో అక్కడా అన్ని ఉన్నాయి. 'సామ్‌చొన్‌పో వైపు జారిపోయాడు' (మాట దారి తప్పింది) అన్నది కూడా జాగ్రత్త. అది నిజంగా ఉన్న ఊరు. దక్షిణ తీరంలోని రేవు, 1995లో సాచొన్ నగరంలో కలిసింది. తమ ఊరి పేరు అలా వాడితే అక్కడివాళ్ళు బాధపడతారు.

ఒక్క సామెతను మాత్రం మీ గోడ మీద రాసిపెట్టుకోమంటాను. 'నున్చి చురుగ్గా ఉంటే గుళ్ళో కూడా ఉప్పురొయ్యలు దొరుకుతాయి.' బౌద్ధ ఆలయాల్లో నీచు తినరు. అలాంటి చోట కూడా ఉప్పురొయ్యలు సంపాదించాడంటే ఎదుటివాళ్ళ మనసు ఎంత బాగా కనిపెట్టి ఉండాలి! నున్చి అంటే ఆ కనిపెట్టే చురుకుదనమే. ఇది లేకుండా పైన చెప్పినవేవీ సరిగ్గా వాడలేరు.

పరీక్ష కోసమైతే ఇలా చేయండి. ఆ వంద జాబితాను పక్కన పెట్టండి. నోటుబుక్కులో ఒక్కోదానికి నాలుగు గళ్ళు గీయండి: కొరియన్ మాట, దగ్గరి తెలుగు మాట, ఎక్కడ విడిపోతుంది, విన్న వాక్యం. నాలుగో గడి డ్రామాలోంచో వార్తలోంచో మీరు స్వయంగా విన్నదాంతోనే నింపాలి. నిండేదాకా ఆ మాట మీది కాదనుకోండి. గత పరీక్షల పత్రాలు కొన్ని టోపిక్ సైట్‌లోనే దొరుకుతాయి. అందులో ఖాళీకి ఇచ్చిన నాలుగు నుడికారాలూ రాసుకోండి, సరైన జవాబు ఒక్కటే కాదు. మొదట కళ్ళు, చెయ్యి, పాదం, నోరు, చెవి, కాలేయం పూర్తిచేయండి. తర్వాత తిండి. సామెతల్లో కిమ్చి నీళ్ళు, పోయే మాట వచ్చే మాట, దీపం, ఖాళీ బండి, బడి కుక్క ముందు చాలు. నాలుగక్షరాలవి ఐదో లెవెల్‌కు చదివేటప్పుడు చూసుకోవచ్చు. మూడో గడిలో ఏం రాయాలో తెలియనివి ఉంటే ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.